మాస్కు కూడా ఒంటికి తగిలే బట్టే

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు రాని మొటిమలు ముప్పై ఆరేళ్లకు వచ్చాయి. కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్లంతా అద్దం ముందు గోల పెడుతుంటే నాకేమీ పట్టనట్టు తిరిగినదాన్ని. ఆ పొగరంతా ఒక్క వేసవిలో దిగిపోయింది. మొదట గడ్డం కింద రెండు వచ్చాయి. తర్వాత ఎడమ దవడ వెంట వరసగా నాలుగు, చెవి వైపు పోతూ ఇంకొన్ని. వాటిని వేలితో ఒకదాని నుంచి ఇంకొకదానికి కలుపుకుంటూ పోతే సరిగ్గా నా మాస్కు అంచు గీత వచ్చేది.

నేను ఒక ల్యాబులో రక్తం శాంపిళ్లు తీస్తాను. 2020కి ముందు మాస్కు అంటే మాకు కూడా అవసరమైనప్పుడు పెట్టుకునే వస్తువే. ఆ ఏడాది నుంచి యూనిఫాంలో భాగమైపోయింది. బయట జనం మాస్కులు తీసేసి చాలా కాలమైనా నా ముఖానికి మాత్రం విడుదల రాలేదు. పొద్దున ఆరున్నరకు పెడితే మధ్యాహ్నం రెండున్నర దాకా అది అక్కడే.

పైగా నాది నోరు మూసుకుని చేసే పని కాదు. "చెయ్యి చాపండి. పిడికిలి బిగించండి. అటు చూడండి, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. అయిపోయింది. దూది గట్టిగా నొక్కి పట్టుకోండి, రుద్దకండి." ఇదే పాట మనిషి మనిషికీ పాడాలి. పిల్లలైతే ఇంకో రెండు చరణాలు ఎక్కువ. నేను మాట్లాడినప్పుడల్లా దవడ కదులుతుంది, దవడతో పాటు మాస్కూ కదులుతుంది. ఈ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

మొదట చెమటకాయలనుకున్నాను. చెమటకాయలకు పౌడర్ రాస్తాం కదా, అదే రాశాను. షిఫ్టు అయ్యాక మాస్కు తీసి చూస్తే లోపలి వైపు పౌడర్ చెమటతో కలిసి ముద్దగా పట్టి ఉంది, నా గడ్డం మీద కూడా అదే ముద్ద. పౌడర్ మానేసి సబ్బు పట్టుకున్నాను. రోజుకు ఐదు సార్లు కడిగాను. మురికి వల్లే వస్తున్నాయని గట్టి నమ్మకం మరి. గరుకు పలుకులుండే స్క్రబ్ కూడా కొని రుద్దాను. చర్మం గీరుకుపోయి మాస్కు తగిలితేనే చురచురలాడేది.

తర్వాత మా అబ్బాయి ట్యూబు మీద పడ్డాను. వాడు పదో తరగతి, వాడి మొటిమలకు డాక్టరు రాసిచ్చిన జెల్ అది. బెంజాయిల్ పెరాక్సైడ్, 5 శాతం. "అమ్మా, కొంచెమే రాసుకోవాలి, రాత్రి పూటే" అని వాడు చెబుతూనే ఉన్నాడు. నేను పళ్లపొడి తీసుకున్నట్టు వేలి నిండా తీసుకుని పొద్దునే రాసి, పైన మాస్కు పెట్టి డ్యూటీకి పోయాను. పదకొండింటికల్లా మంట. నాలుగో రోజుకు గడ్డం మీద పొలుసులు లేచాయి. ఇంట్లో ముఖం తుడుచుకునే నీలం టవల్ మీద తెల్లటి మరకలు తేలాయి, ఎవరో బ్లీచింగ్ చల్లినట్టు. నిజానికి జరిగింది అదే. ఆ మందుకు బట్టల రంగు పోగొట్టే గుణం ఉంది. మా వాడు టవల్ చూసి ఒకటే నవ్వు.

అప్పుడు వెళ్లాను చర్మ డాక్టరు దగ్గరికి.

ఆవిడ నా గడ్డం ఒక నిమిషం చూసి, "మాస్కు పెట్టుకోమ్మా" అన్నారు. పెట్టుకున్నాను. "ఇప్పుడు మీ పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడండి." నాకు సిగ్గేసింది. అయినా మొదలుపెట్టాను, చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి అంటూ. నా పాటంతా అయ్యేసరికి మాస్కు ముక్కు మీదినుంచి కిందకి జారింది. నేను అలవాటుగా ముందు భాగం రెండు వేళ్లతో పట్టుకుని పైకి లాగాను. మళ్లీ జారింది, మళ్లీ లాగాను. "నాలుగు సార్లు లాగారు, నేను లెక్కపెట్టాను. ఇలా రోజుకు ఎంతమందితో మాట్లాడతారు?" అన్నారావిడ. ఆ ప్రశ్నతో నాకు జవాబు దొరికినట్టే అయింది. ఎనిమిది గంటల పాటు ఒక తడి గుడ్డతో నా గడ్డాన్ని నేనే తోముకుంటున్నాను.

ఈ రకం మొటిమలకు కరోనా కంటే చాలా ముందే పేరుందట. రాపిడి, ఒత్తిడి, గాలాడకపోవడం వల్ల వచ్చేవాటిని 1975లో మిల్స్, క్లిగ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 'యాక్నే మెకానికా' అన్నారు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకునే ఆటగాళ్లకు అక్కడే వస్తాయి. వయొలిన్ వాయించేవాళ్లకు వాయిద్యం ఆనే చోట, మెడ మీద చర్మం దెబ్బతింటుంది. 2020లో మాస్కుల పుణ్యమా అని అదే తెగులు లోకం మొత్తానికీ పాకింది. 'మాస్క్‌నే' అని దానికో ముద్దుపేరు కూడా పెట్టారు.

రాపిడి ఒక్కటే కాదు. మాస్కు లోపల ఉక్కపోత గది ఒకటి తయారవుతుంది. మనం వదిలే ఊపిరి వెచ్చగా, దాదాపు పూర్తిగా తేమ నిండి ఉంటుంది. ఆ తేమకు చర్మం నానుతుంది. నీళ్లలో ఎక్కువసేపు ఉంచిన వేళ్లు ఎలా ఉబ్బుతాయో, నూనె గ్రంథుల మూతుల దగ్గర చర్మం కూడా అలాగే ఉబ్బి దారి ఇరుకైపోతుంది. ఇక వేడి చూస్తే, చర్మం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే జిడ్డు ఊరడం సుమారు 10 శాతం పెరుగుతుందని పాత ప్రయోగాల్లోనే తేలింది. జిడ్డు ఎక్కువై, దారి ఇరుకైతే లోపల అడ్డు పడుతుంది. గాలి తగలని ఆ చోటు క్యూటీబాక్టీరియం యాక్నెస్‌కు స్వర్గం. ఆ బాక్టీరియా ఎక్కడి నుంచో వచ్చింది కాదు, అందరి చర్మం మీదా ఎప్పుడూ ఉండేదే. అంటే మురికి వల్ల కాదన్నమాట. నా ఐదు సార్ల కడుగుడు అంతా వృథా.

వృథా కూడా కాదు, నష్టం. ల్యాబులో ఉన్నదాన్ని కదా, నాకో బుద్ధి పుట్టింది. గడువు దాటి పారేయాల్సిన యూరిన్ స్ట్రిప్పుల డబ్బా ఒకటి ఉంటే, అందులోంచి ఒక స్ట్రిప్ తీసి నా ఒంటి సబ్బు నురగలో ముంచాను. ఆమ్లమా క్షారమా అని చెప్పే పీహెచ్ గడి నారింజ రంగు నుంచి పచ్చగా మారి, ముదురు నీలంలోకి వెళ్లి ఆగింది. ఆ స్ట్రిప్ మీద అదే ఆఖరి రంగు, 8.5. అంతకు మించి అది చూపించలేదు. మామూలు సబ్బులు చాలావరకు 9, 10 దగ్గర ఉంటాయి. ముఖం మీది చర్మమేమో 5 చుట్టుపక్కల, కొంచెం ఆమ్లంగా ఉంటేనే దాని పై పొర గట్టిగా ఉంటుంది. డాక్టరు గారు చెప్పిన, సబ్బు కాని ఫేస్‌వాష్ నురగలో ఇంకో స్ట్రిప్ ముంచితే నారింజ, పసుపుల మధ్య ఉండిపోయింది. గడువు దాటిన స్ట్రిప్ చెప్పేది శాస్త్రం కాదు, తెలుసు. కానీ ఆ నీలం రంగు చూశాక మళ్లీ ముఖానికి ఒంటి సబ్బు పెట్టలేకపోయాను.

ఇక మాస్కు సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను. ఎందుకంటే అందరూ ఏ క్రీము రాయాలి అని అడుగుతారు గానీ మాస్కు గురించి ఎవరూ అడగరు. నిన్నటి బనియన్ విప్పి, చెమటతో ఉండగా మడిచి బ్యాగులో పెట్టి, ఇవాళ మళ్లీ తొడుక్కుంటామా? మాస్కును మాత్రం నిన్నటిదే జేబులోంచి తీసి, ఇంకా బాగానే ఉందిలే అని పెట్టేసుకుంటాం. బనియన్ కంటే మాస్కుకే ఎక్కువ తడి తగులుతుంది, ఊపిరి, ఉమ్మి, చెమట అన్నీ.

నేను షిఫ్టుకు మూడు సర్జికల్ మాస్కులు వాడటం మొదలుపెట్టాను. గడియారం చూసి కాదు, తడిని చూసి మారుస్తాను. పెదవులకు లోపలి పొర చల్లగా తగిలిందంటే దాని పని అయిపోయినట్టే. తడిసిన మాస్కు చర్మాన్నే కాదు, మనల్నీ సరిగ్గా కాపాడదు. సర్జికల్ మాస్కులు ఉతికి వాడేవి కాదు. ఎన్95 కూడా అంతే. అందులో మధ్య పొరకు స్థిర విద్యుదావేశం ఉంటుంది, సన్న కణాలను పట్టేది అదే. సబ్బు నీళ్లు, స్పిరిట్ తగిలితే ఆ శక్తి పోతుంది. పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది, అదీ ప్రమాదం.

గుడ్డ మాస్కు వాడేవాళ్లు రోజూ ఉతకాలి. డిటర్జెంట్‌తో, వీలైతే 60 డిగ్రీల వేడి నీళ్లలో అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. నేను దీనికి ఒకటి కలుపుతాను, పొడి తక్కువ వేసి ఎక్కువ సార్లు జాడించండి. సరిగ్గా జాడించని గుడ్డలో మిగిలిన డిటర్జెంట్ మన ఊపిరి తేమకు కరిగి నేరుగా గడ్డం మీదికే వస్తుంది. ఘుమఘుమలాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు. పూర్తిగా ఆరాకే పెట్టుకోవాలి. లోపలి పొర మెత్తటి నూలు గుడ్డ అయితే మంచిది.

కొలత కూడా ముఖ్యం. వదులుగా ఉంటే ఇంకా హాయి కదా అనుకునేదాన్ని. వదులు మాస్కే ఎక్కువ జారుతుంది, ఎక్కువ రాస్తుంది. మరీ బిగుతైతే గుచ్చుకుంటుంది. 2021లో అమెరికా ప్రభుత్వ వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ఒక చిట్కా చూపించింది. చెవి ఎలాస్టిక్‌ను మాస్కు అంచుకు ఆనుకునేలా ఒక ముడి వేసి, పక్కన మిగిలిన మడతను లోపలికి దోపడం. గాలి పక్కలనుంచి పోకుండా చూపించిన చిట్కా అది. నాకు మాత్రం జారడం ఆపేసింది. ముక్కు తీగను కూడా ఒక్క వేలితో మధ్యలో నొక్కేసి ఊరుకోకుండా, రెండు చూపుడు వేళ్లతో రెండు పక్కలా ముక్కు వాలు వెంట దిద్దితే నిలుస్తుంది. ఇప్పుడు నా పాటంతా పాడినా మాస్కు కదలదు. ముందు భాగం పట్టుకుని లాగే అలవాటు పోవడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. గ్లవ్స్‌తో అలా లాగడం ఎంత తప్పో మా పనిలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు గంటలకోసారి ఒక 15 నిమిషాలు మాస్కు తీసి చర్మానికి గాలి తగలనివ్వమని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ అనే చర్మ వైద్యుల సంఘం సలహా. ఎక్కడ పడితే అక్కడ కాదు, పక్కన ఎవరూ లేని చోట, చేతులు కడుక్కున్నాక. నేను మేడ మీదకి వెళ్తాను. పదిహేను నిమిషాలు ఎప్పుడూ దొరకవు, ఎనిమిదో పదో దొరికితే గొప్ప. మెత్తటి గుడ్డతో చెమట అద్దుతాను, రుద్దను. కొత్త మాస్కు పెట్టుకుని కిందికి దిగుతాను.

ముఖానికి చేసేది చాలా తక్కువ. తగ్గించడమే వైద్యం అనిపించింది నాకు. పొద్దున ఒకసారి, డ్యూటీ అయ్యాక ఒకసారి గోరువెచ్చని నీళ్లతో కడుగుతాను, వేళ్లతోనే. పొద్దున మాస్కుకు అరగంట ముందు తేలికపాటి మాయిశ్చరైజర్. మొటిమలున్న ముఖానికి మళ్లీ క్రీమా అని నేనూ వాదించాను. "అది జిడ్డు కోసం కాదమ్మా, చర్మానికీ మాస్కుకూ మధ్య పరుపు" అన్నారు డాక్టరు గారు. డబ్బా మీద నాన్ కామెడోజెనిక్ అని ఉన్నది చూసుకోవాలి, అంటే రంధ్రాలు పూడ్చనిది అని. అరగంట ఎందుకంటే, తడి తడిగా ఉండగా పెడితే మాస్కు జారుతుంది. ఫౌండేషన్ మానేశాను, ఎలాగూ దాన్ని చూసేది మాస్కే.

మందు రాత్రి పూటే. మా అబ్బాయి జెల్ రకమే, కానీ 2.5 శాతం. ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ పనిచేస్తుందనుకుంటాం. ఈ మందు విషయంలో 2.5 కూడా 10తో దాదాపు సమానంగా పనిచేస్తుంది, మంట మాత్రం తక్కువ. బఠాణీ గింజంత తీసుకుని పల్చగా రాయాలి. పగలు మాస్కు కింద రాస్తే ఏ మందైనా కట్టు కట్టినట్టు లోపలే ఉండి చర్మాన్ని కాలుస్తుంది, నాకు జరిగింది అదే. కొందరికి సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ సరిపోతుంది. ఇంకొందరికి అడాపలీన్ అనే పూత మందు ఇస్తారు. గర్భంతో ఉన్నవాళ్లు, అందుకు ప్రయత్నిస్తున్నవాళ్లు అడాపలీన్ జోలికి పోకూడదు, ఇది మాత్రం గుర్తుంచుకోండి. ఏ కొత్త క్రీమైనా సెలవు రోజున మొదలుపెట్టండి, వరస డ్యూటీల మధ్యలో కాదు.

వారం రోజులకే తేడా కనపడలేదని నేను మళ్లీ ఫోన్ చేశాను. ఇవాళ పైకి తేలిన మొటిమ లోపల కొన్ని వారాల కిందటే మొదలైందని, కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఓపిక పట్టాలని చెప్పారు. నేను ల్యాబు మనిషిని, లెక్క లేకపోతే నమ్మను. ఒక నోట్‌బుక్కులో గుండ్రంగా ముఖం గీసి, ప్రతి ఆదివారం కొత్తగా వచ్చినవాటికి చుక్కలు పెట్టాను. మొదటి వారం పదకొండు చుక్కలు. రెండో వారం పన్నెండు! ఆ రోజు నోట్‌బుక్కు విసిరేద్దామనుకున్నాను. ఐదో వారం నాలుగు, ఎనిమిదో వారం ఒకటి. అదీ నేను గోటితో గిల్లబట్టి పెద్దదైంది. చేతులు ఊరుకోవు కదా.

మాస్కు కింద వచ్చేదల్లా మొటిమ కాదు. మా జూనియర్ అమ్మాయికి ముక్కు పైన, చెవుల వెనక ఎర్రగా దద్దు, విపరీతమైన దురద. "అక్కా, నీ జెల్ కొంచెం ఇవ్వవా" అంది. ఇవ్వలేదు. మొటిమ నొప్పి పెడుతుంది గానీ అంతలా దురద పెట్టదు. ముక్కు తీగలో నికెల్, ఎలాస్టిక్‌లో రబ్బరు రసాయనాలు పడనివాళ్లుంటారు, అది అలర్జీ, దాని దారి వేరు. ఇంకొకావిడకు నోటి చుట్టూ సన్నటి ఎర్ర పొక్కులు. ఎవరో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజుల్లో మాయమై, ఆపగానే రెట్టింపుగా వచ్చేవి. ట్యూబు తిప్పి చూస్తే స్టెరాయిడ్. నోటి చుట్టూ వచ్చే ఆ జబ్బును పెంచేదే స్టెరాయిడ్. ముఖానికి రాసే ఏ ట్యూబైనా వెనక సన్నటి అక్షరాలు చదవండి, పేరు చివర 'సోన్' అనో 'సోల్' అనో కనిపిస్తే, బీటామెథసోన్, క్లోబెటసోల్ లాంటివి, డాక్టరు చెప్పకుండా రాయకండి. లోతుగా గడ్డలు కట్టి నొప్పి పుడుతున్నా, గుంటలు పడుతున్నా ఎనిమిది వారాలు ఆగక్కర్లేదు, వెంటనే చూపించుకోవాలి.

గడ్డం పెంచుకునే మా కుర్రాడొకడు, "నాకు మొటిమల బెడద లేదక్కా, గడ్డమే మెత్త" అంటాడు. వాడి గడ్డం వల్ల ఎన్95 ముఖానికి అతుక్కోదని, పక్కలనుంచి గాలి పోతుందని చెప్పి చెప్పి అలిసిపోయాం. అది ఇంకో కథ.

మచ్చలు ఇంకా పోలేదు. నాలాంటి చామనఛాయ వాళ్లకు మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. అందుకే సెలవు రోజుల్లో కూడా సన్‌స్క్రీన్ మానను. నోట్‌బుక్కులో ఇప్పుడు చుక్కలు పెట్టడం తక్కువే. వేసవిలో రెండు మూడు వస్తాయి, మాస్కులు ఇంకొకటి ఎక్కువ వాడితే సర్దుకుంటాయి.

నీలం టవల్ పారేయలేదు. జెల్ రాసుకున్న రాత్రి దాన్నే దిండు మీద పరుచుకుంటాను. ఇంకా పోవడానికి దానిలో రంగు పెద్దగా మిగల్లేదు.